జాగ్రత్తల చీటీ

డిశ్చార్జి కాగితాలు పట్టుకొని వంశీధర్‌రావు నా ఎదుట కూర్చున్నాడు. అతని భార్య శ్యామల ఇంకా వార్డులోనే ఉంది. ఆడవాళ్ల జబ్బు సంగతి మగవాళ్లను కూర్చోబెట్టి చెప్పడమే ఇరవై ఏళ్లుగా ఈ కరీంనగర్‌లో గుండె డాక్టరుగా నా అలవాటు.

“రక్తనాళాలల్ల అడ్డమేం లేదు. ముప్పై నాలుగేండ్లకే గర్భసంచితోటి అండాశయాలు గూడ తీయించిండ్రు గదా. వాటి హార్మోను గుండె నరాలకు కళ్లెం లెక్క. ఇప్పుడు గా కళ్లెం లేదు. బాగ భయపడితే ఆ నరాలు నోరడ్రినలిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగ గుండె మీద కుమ్మరిస్తయి. మొన్న ఆమెకు గుండెపోటు లెక్క వచ్చింది గందుకే.”

“మళ్ల భయపడితే, సార్?”

“గుండె ఆగిపోవచ్చు.”

“వేటితోని భయమైతదో జర వివరంగ చెప్పుండ్రి.”

చెప్పాను. వెనక నుంచి అరుపు, చీకట్లో ఒంటరిగా ఉంచడం, ఉన్నట్టుండి చెప్పే చావు కబురు. అన్నీ చీటీ మీద రాసుకున్నాడు. ఇలాంటి భర్త ఎందరికి దొరుకుతాడనుకున్నాను.

“ఫికర్ చెయ్యకుండ్రి సార్, నేను చూసుకుంట.”

శ్యామలను ఎక్కించుకొని అతని కారు మెట్‌పల్లి దారి పట్టాక నర్సు వచ్చింది.

“సార్, మూడు దినాల సంది మానిటర్ చూస్తున్న. ఒక్కతె ఉంటే ఆమె గుండె డెబ్బై ఎనిమిది కొట్టుకునేది. ఆయన చెప్పుల చప్పుడు వినవడంగనే నూట నలభై దాటేది.”

చీటీలో ఏదైనా మరిచిపోయానేమోనని, వెళ్లేముందు నాచేతనే ఒకసారి సరిచూయించుకున్నాడతను.