ఎడమ మలుపు

బడి సందులోకి తిప్పబోతుంటే ఎడమ ఇండికేటర్ మళ్ళీ టకటకమని పరుగు లంకించుకుంది.

"దానికెందుకు నాన్నా అంత తొందర?" అంది వెనక సీట్లోంచి కూతురు.

"దాన్ని కొట్టించే రిలే పోయిందట. మామయ్య చెప్పాడు."

ఆ మామయ్య, అంటే అతని బావమరిది, ఫోన్లోనే నాడి పట్టి ఫోన్లోనే మందిచ్చే రకం.

అంతలో డిక్కీ మీద ధబ్‌మని చరిచిన చప్పుడు.

"తగలడ్డాడు" అని పళ్ళు నూరుతూ తండ్రి కారు తిప్పాడు.

నెల్లాళ్ళుగా ఈ మలుపు మూలన పడుండే ముసలాడిదే గొడవ. అట్టలు కట్టిన జుట్టు, చీము కారే కాలు, దాని మీద ఈగలు. ఈ కారు కనబడితే చాలు, రోడ్డు మీదికొచ్చి చేతులూపుతాడు, డిక్కీ మీద చరుస్తాడు. ఏమీ అడగడు. అడిగినా బాగుండేది, ఏదో ఒకటి విసిరేసి వదిలించుకునేవాడు.

"ఆయన నన్ను చూసి నవ్వాడు నాన్నా."

"అటు చూడకు. ముందు అద్దం ఎత్తు."

కూతుర్ని బడి దగ్గర దింపి, మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి డిక్కీ మీది చేతి ముద్ర తుడిచాడు. ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. గుడ్డను చెత్తకుండీలో పారేసి చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. అయినా కంపు పోలేదనిపించింది.

సాయంత్రం కొత్త రిలే వేశాడు. సీట్లో కూర్చుని ఇండికేటర్ నొక్కితే మళ్ళీ అదే టకటక.

"కుడివైపు ఎలా ఉంది బావా?" అన్నాడు ఫోన్లో బావమరిది.

"అది నిదానంగానే కొట్టుకుంటోంది."

"అయితే నీకు నకిలీ రిలే అంటగట్టారు. ఇంకోటి తెచ్చెయ్యి."

"దాని సంగతి తర్వాత. ముందు వాడి సంగతి చూడాలి."

మర్నాడు మునిసిపాలిటీకి ఫోన్ చేశాడు. "పిల్లలు తిరిగే చోటండీ. ఏ రోగమో అంటుకుంటే ఎవరిది బాధ్యత?"

సాయంత్రానికల్లా వ్యాను వచ్చింది. చేతులకు తొడుగులేసుకున్న ఇద్దరు వాణ్ణి రెక్కలు పట్టి లేపుతుంటే తండ్రి కాస్త దూరంగా కారాపుకుని చూశాడు.

"నాకిక్కడ పనుంది బాబూ" అని మొత్తుకుంటున్నాడు వాడు.

వాళ్ళిద్దరూ నవ్వారు. తండ్రికీ నవ్వొచ్చింది.

తెల్లారి మలుపు దగ్గర ఎవరూ లేరు. పీడ విరగడైందనుకుంటూ, టకటకల మధ్య కారును ఎడమకు తిప్పాడు.

వెనకనుంచి బైకు సరాసరి వచ్చి ఎడమవైపు వెనక తలుపును గుద్దింది. అద్దం భళ్ళుమంది. కూతురు కెవ్వుమంది.

తండ్రి పరుగున దిగి కూతుర్ని ఎత్తుకున్నాడు. మోచేతి నుంచి వేళ్ళదాకా నెత్తురు. యూనిఫారం తడిసిపోతోంది.

"చెప్పకుండా తిప్పేస్తారేంటండీ?" అన్నాడు కిందపడ్డ బైకతను, మోకాలు పట్టుకుని.

"ఇండికేటర్ వేశానయ్యా. విను, ఇంకా కొట్టుకుంటోంది."

"వినడమెందుకు, ఇటొచ్చి చూడండి."

చూశాడు. వెనక ఎడమ దీపం వెలగడం లేదు.

"వెనక బల్బు మాడిపోతే లోపల ఆ టకటక అలాగే హడావుడి పడుతుంది. ఎన్నాళ్ళయింది?"

"నెల" అన్నాడు తండ్రి. కూతురి చేతికి రుమాలు చుట్టాడు. తన మీద తనకే రోత పుట్టింది. "మరి ఇన్నాళ్ళూ ఏమీ కాలేదే?"

బైకతను ఖాళీగా ఉన్న ఆ మూలవైపు చూశాడు.

"రోజూ ఆ కాలు పుండు ముసలాయన మీ కారు ముందు దీపం కొట్టుకోవడం చూసి, వెనకొచ్చే మమ్మల్ని చేతులడ్డం పెట్టి ఆపి, ఇక వెళ్ళమని మీ డిక్కీ చరిచేవాడు కదండీ. ఇవాళ ఆయన లేకపోయేసరికి మీరు నేరుగా పోతారనుకున్నాను."