డెల్మర్ పెరట్లో సిగ్నల్

ఊరి రైల్వే క్రాసింగ్ దగ్గర, రైలొచ్చినప్పుడల్లా గంట కొడుతూ ఎనభై ఏళ్లు అటూ ఇటూ ఊగిన పాత దీపం సిగ్నల్‌ను రైల్వేవాళ్లు పీకేసి డెల్మర్‌కి ఇచ్చేశారు. ముప్ఫై ఏళ్లుగా అతని పక్కనే నిలబడి రైళ్లు చూసిన వెర్నన్‌కి కడుపు మండిపోయింది. పైగా ఆ తర్వాత నెల రోజులుగా డెల్మర్ క్రాసింగ్‌కే రావడం లేదు. ఎంత పొగరు!

కడిగేద్దామని వాళ్ల పెరట్లోకి వెళ్లాడు. "ఒక్కడివే కొట్టేశావు గదరా!"

సిగ్నల్ కింద కూర్చున్న డెల్మర్ వెనక్కి చూడకుండానే మీట నొక్కాడు. గంట మోగింది. ఎర్రదీపం అటూ ఇటూ ఊగింది. అలవాటుకొద్దీ ఇద్దరూ ఎడమవైపు చూశారు. అక్కడ కంచె తప్ప ఏమీ లేదు.

డెల్మర్ కుర్చీ చక్రాలను చేతులతో తోసుకుంటూ ఇటు తిరిగాడు. కాళ్ల మీద దుప్పటి ఉంది.

"నాకీ సిగ్నలే, నీకు రైలుంది కదరా, వెధవా! ఇవాళ చికాగో బండికి ఎన్ని పెట్టెలో చెప్పి చావు."