ఉప్పు తిన్న రాయి

రెండో రాయి కూడా మూసుకుపోయింది.

ల్యాబ్ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

మూతపడ్డ చమురు బావిలోంచి తీసిన రాళ్లు మూడంటే మూడు. ఒక్కోటీ బొటనవేలంత. వాటిలోంచి నీళ్లు ఏపాటి పారతాయో కొలిచి చెప్పాలి. పారితే బావి మళ్లీ తెరుస్తారు. పారకపోతే సిమెంటు పోసి పూడ్చేస్తారు.

ఇక మిగిలింది ఒక్కటే.

గుమ్మం పక్క బెంచీ మీంచి సీసా తాత తొంగి చూశాడు. ఎవరో, ఏమిటో! నెల రోజులుగా చంకలో సీసాతో వచ్చి కూర్చుంటాడు. పంపు చప్పుడు వింటూ కునుకు తీస్తాడు.

"ఏ నీళ్లు పోశావు తల్లీ?"

"డిస్టిల్డ్ వాటర్ తాతా. ఇంతకంటే శుద్ధమైనవి లేవు."

"అదే తంటా. ఉప్పు తిని పెరిగిన రాయి అది. చప్పిడి నీళ్లు పడితే లోపలి బంకమట్టి ఉబ్బి దారులన్నీ మూసేస్తుంది. పారని రాయి కాదు, అలిగిన రాయి."

"అబ్బో! ఏం చదివావేంటి తాతా?"

"నా తప్పులే చదువుకున్నాను."

సీసా బల్ల మీద పెట్టాడు. వెలిసిన చీటీ. గుండ్రటి అక్షరాలతో బావి నంబరు.

"ఆ బావి ఉప్పునీళ్లే. వడగట్టి వాడు."

"సరేలే, ఇంటికెళ్లి పడుకో. నీకు టీ ఇప్పించే ఓపిక కూడా లేదు నాకివాళ."

తాత నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

రెండు రోజులు సీసా ముట్టలేదు. మూడో రోజు రిపోర్టు ఇచ్చి తీరాలి. పోయేదేముందని ఆ నీళ్లే వడగట్టి, ఆఖరి రాయికి పట్టించింది.

పంపు మూలిగింది. రాయి అవతలి కొసన ఒక చుక్క.

ఇంకో చుక్క.

ఆ తర్వాత, జలుబు చేసిన పిల్లాడి ముక్కులా కారుతూనే ఉంది.

"తాతా!"

బెంచీ ఖాళీ.

"నిన్న కూతురొచ్చి తీసుకెళ్లిపోయిందమ్మా. ఇక తిరగలేడట," అన్నాడు వాచ్‌మన్.

"ఏ ఊరు? పేరేంటి?"

"ఎవరం అడిగామమ్మా... సీసా తాతే కదా!"

రిపోర్టు రాద్దామని ఆ బావి పాత ఫైలు తెరిచింది.

'డిస్టిల్డ్ వాటర్‌తో పరీక్షించాను. చుక్క పారలేదు. బావి మూసేయవచ్చు.' ముప్ఫై ఏళ్ల నాటి కాగితం.

సీసా చీటీ మీదున్న ఆ గుండ్రటి అక్షరాలతోనే, కింద ఈ ల్యాబ్ మొట్టమొదటి పెద్దాఫీసరు సంతకం ఉంది.