గోడమీది దీపం

పేకాటే వృత్తిగా బతికే పడుచుపిల్ల హేమవల్లి పెద్ద పోటీ గెలిచి ఇంటికొచ్చింది. తల్లి ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. అన్న శేషగిరి మాత్రం మంచం దిగలేదు.

ఆ కాలంలో అందరి చేతికీ కంకణాలు ఉండేవి. ఎక్కడున్నా ఎవరి గుండె ఎలా కొట్టుకుంటోందో ఇంటి గోడమీది దీపాలు చూపేవి.

"చివరాటలో నీ దీపం దడదడలాడిందే. నీ చేతిలో మంచి ముక్కల్లేవని తెలిసిపోయింది," అన్నాడు శేషగిరి.

"లేవు. ఉన్నట్టు నటించే గెలిచా. అయితే?"

"అవతలోడి మీద పందెం కాశా."

"ఆట నేర్పినోడివి నువ్వే కదన్నా!"

"పోయింది నా పందెమేగా, నీకెందుకే ఏడుపు?"

హేమవల్లి కంకణం ఊడబెరికింది. గోడమీద ఆమె దీపం ఆరిపోయింది.

"అయ్యో, చచ్చినోళ్ళకే కదే అది తీసేది!" తల్లి గొల్లుమంది.

"తీసింది నేను కాదమ్మా, అన్న."