సేనాధిపతికి దండ

నంద్యాల స్టేషన్లో రైలు దిగిన ప్రతి పెద్దమనిషినీ వాజిద్ ఆపుతున్నాడు.

"అన్నా, ఒక్క మాట మాట్లాడు."

"ఏం మాట్లాడాలప్పా?"

"చాల్లే అన్నా. నువ్వు గాదు, పో."

చేతిలో చామంతి దండ. బయట అద్దె కారు. ఆళ్లగడ్డకు ముఖ్య అతిథిని తీసుకుపోవడానికి వచ్చాడు. చిక్కల్లా ఒక్కటే. ఆ అతిథి ముఖం ఎవరికీ తెలియదు.

ఆళ్లగడ్డలో వాజిద్ పెట్టిన సంఘం ఒకటుంది. కత్తులు, గుర్రాలు, కోటలు ఉన్న పాతకాలం యుద్ధాల సినిమాలు తప్ప ఇంకేదీ సినిమానే కాదనే వాళ్ల సంఘం. అప్పుడప్పుడు శిల్పుల షెడ్డులో, సగం చెక్కిన దేవుళ్ల మధ్య తెర కట్టి ఒకటి వేసుకుంటారు.

అన్నిట్లోకీ గ్రీకు సేనాధిపతి సినిమా అంటే వాళ్లకు ప్రాణం. ఆ దొర ముఖం కన్నా, ఆయనకు తెలుగులో డబ్బింగ్ చెప్పిన గొంతంటే మరీ ప్రాణం. కాలు విరిగి, ఇక నడవలేనేమోనని ఏడుస్తూ మంచాన పడి ఉన్నప్పుడు, టీవీలో ఆ గొంతు విన్నాడు వాజిద్. "పడ్డవాడు ఓడిపోడు. పడుకున్నవాడే ఓడిపోతాడు. లేవండి!" ఆ మాటకే లేచానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ గొంతు గలాయన చేతులు ఒక్కసారి కళ్లకద్దుకోవాలని వాజిద్ కోరిక.

ఎలాగో నంబరు సంపాదించాడు. ఎన్నిసార్లు చేసినా ఆయన ఎత్తలేదు. 'తప్పక వస్తాను' అని మెసేజ్ మాత్రం పెట్టాడు.

"పెద్ద గొంతు రా. ఊరికే ఖర్చు పెడ్తాడా?" అన్నాడు వాజిద్.

"ఫోటో అన్నా అడగరాదా?" అన్నాడు స్నేహితుడు జకరయ్య.

"ముఖం ఏం చేసుకుంటావ్ రా? ఆ గొంతు నిద్దర్లో గూడా గుర్తుపడ్తా నేను."

అదీ సంగతి. ఇప్పుడు ప్లాట్‌ఫారం ఖాళీ అవుతోంది. ఫోన్ చేసి కనుక్కుందామంటే, దారి పొడుగునా సేనాధిపతి డైలాగులు విని చార్జింగ్ అంతా తగలేశాడు.

మండే ఎండలోనూ మెడకు మఫ్లర్ చుట్టుకున్న బక్క మనిషి ఒకాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. దండ చూసి నవ్వాడు.

"మాట్లాడు పెద్దాయనా."

ఆయన మాట్లాడలేదు. రొమ్ము తట్టుకుని, ఫోన్ తీసి ముందుకు చాపాడు.

"ఓర్నీ! అడుక్కునేటోళ్లు గూడా స్కానర్ పెట్టినారే!"

అందులో ఏముందో చూడకుండానే వాజిద్ పది రూపాయల నోటు తీసి ఆయన చేతిలో కుక్కాడు.

"పక్కకు జరుగు పెద్దాయనా. మా సార్ వస్తాండాడు."

అప్పుడే ప్లాట్‌ఫారం అదిరిపోయేలా ఒక గొంతు.

"ఎవురప్పా ఆళ్లగడ్డ నుంచి వచ్చింది? బేగా పోదాం రాండి!"

"ఇదే గొంతు!" అనుకున్నాడు వాజిద్. పరుగెత్తి దండ వేశాడు. ఆ భారీ మనిషి చేతులు రెండూ కళ్లకద్దుకున్నాడు. ఆయన కారెక్కి నిద్రపోయాడు. డ్రైవర్ హారన్ కొట్టినప్పుడల్లా వాజిద్ కసిరాడు.

"మెల్లగప్పా! సార్ గొంతు రెస్టు తీసుకుంటాంది."

షెడ్డు నిండా జనం. "డైలాగ్! డైలాగ్!" అని ఒకటే అరుపులు.

భారీ మనిషి మైకు అందుకున్నాడు.

"మాది బేతంచెర్ల. నా పేరు నారాయణ. కల్యాణమండపానికి బండలు కావాలంటే మాట్లాడదామని వచ్చినా. దండ వేసినప్పుడే అనుకున్యా, పార్టీ మంచిదని. మా పాలిష్‌కు తిరుగులేదు!"

ఆ గొంతు పాలిష్ మిషన్ల మోతను మించి అరిచి అరిచి వచ్చిందట.

"మన సేనాధిపతి బండలు అమ్ముతాండాడు రోయ్!" అని జకరయ్య పడి పడి నవ్వాడు. నారాయణ నొచ్చుకుని, దండ తీసి పక్కనున్న సగం చెక్కిన నంది మెడలో వేసి వెళ్లిపోయాడు. వాజిద్‌కు తల కొట్టేసినట్టయింది.

ఆ గోలలోనే మఫ్లరాయన బస్సు దిగి షెడ్డులోకి వచ్చాడు. ఫోన్ బయటికి తీశాడు. "గొంతు యాడ? మాకు గొంతు కావాల!" అని జనం అరుస్తుంటే మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"నంద్యాల నుంచి ఈడిదాకా వచ్చినావా? పది చాల్లేదా?" అన్నాడు వాజిద్.

ఆయన తెర వైపు చూపించాడు.

"సినిమానా? సరే, వెనకాల కూర్చో."

వాజిద్ ఫోన్‌ను చార్జింగ్‌కు పెట్టి, చేసేదిలేక సినిమా వేశాడు. సేనాధిపతి గుర్రమెక్కి గొంతెత్తగానే షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది.

"పడ్డవాడు ఓడిపోడు..."

జకరయ్య మోచేత్తో పొడిచాడు. "రేయ్, ఆ మూగాయన పెదాలు చూడు."

బండరాయి మీద కూర్చున్న ఆయన పెదాలు తెర మీది మాటలతో కలిసి కదులుతున్నాయి. ఎక్కడా ముందూ వెనకా కావడం లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"మనకంటే పిచ్చోడు ఉండాడు ఈయన," అన్నాడు వాజిద్. ఆ దిగుల్లోనూ నవ్వొచ్చింది అతనికి.

సినిమా అయిపోయింది. ఆయన వాజిద్ దగ్గరికి వచ్చి, అతని చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. రోడ్డు మీద నంద్యాల బస్సు హారన్ వినిపిస్తే గబగబా పోయి ఎక్కేశాడు.

"పది రూపాయలకు ఇంత మర్యాదనా!" అని వాజిద్ నవ్వుతూ ఫోన్ తెరిచాడు.

మధ్యాహ్నం వచ్చిన వాయిస్ మెసేజ్ ఒకటుంది. ఆడపిల్ల గొంతు.

"అన్నా, నా పేరు ఫెబా. మా నాయన రైలెక్కినాడు. ఆపరేషన్ చేసి నాయన గొంతు తీసేసినారన్నా, మాట్లాడమంటే ఏం చేసేదని రానంటాంటే నేనే నీకు మెసేజ్ పెట్టి బలవంతంగా పంపించినా. దండలు, మైకులు ఏమీ వద్దు గానీ, ఆయన్ను వెనకాల యాడన్నా కూర్చోబెట్టి, ఆ సేనాధిపతి గొంతు ఒక్కసారి ఆయనకే వినిపించి పంపించన్నా."