కలవని బొమ్మ

నానక్‌రామ్‌గూడలో సగం కట్టి వదిలేసిన టవర్ గేటుకు ఆనుకుని వాచ్‌మన్ నర్సయ్య నిలబడ్డాడు. ఊళ్లో ఉన్న భార్య అంజమ్మకు పంపడానికి మంచి ఫోటో కావాలని అతనే అడిగాడు. ఎదుటి ఆఫీసులో పనిచేసే యశ్వంత్ రాత్రి డ్యూటీ దిగి, తెల్లవారగానే తన పాత రేంజ్‌ఫైండర్ కెమెరాతో వచ్చాడు.

ఆ కెమెరాలోంచి చూస్తే మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్స్ తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి.

యశ్వంత్ లెన్స్ తిప్పాడు. గేటు కమ్మీలు కలిశాయి. నర్సయ్య మాత్రం కలవలేదు. ఒక నర్సయ్య నవ్వుతున్నాడు, రెండో నర్సయ్య నవ్వడం లేదు.

"కదలొద్దు నర్సయ్యా."

"నేనేడ కదిలిన సార్?"

కెమెరా దించి చూస్తే గేటు దగ్గర ఉన్నది ఒక్కడే. దూరంగా ఎక్కడో మొరుగుతున్న కుక్కలు కూడా ఆగిపోయాయి. యశ్వంత్ మళ్లీ కన్ను ఆనించాడు. నవ్వని నర్సయ్య గేటు వదిలి ముందుకొస్తున్నాడు. అలా వస్తూ వస్తూ అద్దం అంచు దాటి కనిపించకుండా పోయాడు.

"ఇగ తియ్యుండ్రి సార్."

మాట చెవి పక్కనే వినిపించింది. గేటు దగ్గరి నర్సయ్య మూసిన పెదవులతో ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.