నాలుగో వేలిముద్ర

దేశం కాని దేశంలో సేవ చేస్తానని డప్పు కొట్టుకుని వచ్చినవాణ్ణి. వాగవతల ఒంటరిగా ఉండే ముసలమ్మకు వారం వారం మందులిచ్చి, రిజిస్టరులో వేలిముద్ర వేయించుకోవడం నా పని. వానలు మొదలయ్యాక వాగు దాటింది లేదు. మూడు వారాలుగా ఆమె గడిలో నా బొటనవేలే ఒత్తుతున్నాను. మందులు నా మంచం కింద దాచాను.

చీకటి పడ్డాక క్లినిక్ నుంచి బయల్దేరుతూ నర్సక్క అడిగింది. “వాగవతల పెద్దమ్మ ఎలా ఉంది తమ్ముడూ?”

“గుండ్రాయిలా ఉందక్కా.”

“అంతా నీ చలవే. ఇంత వానలో ఇంకెవరు వెళ్తారు!”

ఆమె వెళ్లాక తలుపు గడియ పెట్టాను. రేకుల మీద వాన టక్కున ఆగింది. వెనక కాగితం తిప్పిన చప్పుడైంది.

గదిలో ఎవరూ లేరు. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. నేనింకా ముట్టని ఈ వారం గడిలో ముడతలు పడ్డ వేలిముద్ర. సిరా ఆరలేదు. బల్ల దగ్గర్నుంచి తడి అడుగులు నేను పడుకునే వెనక గదిలోకి వెళ్లాయి.

అక్కడ చీకట్లో, మంచం కింద, మాత్రల అట్ట చిటుక్కుమంది. కాసేపాగి మళ్లీ చిటుక్కుమంది.

స్విచ్ మీద చెయ్యి పెట్టాను కానీ వెయ్యలేకపోయాను. ఏ ముఖం పెట్టుకుని ఆమెను చూడను?